నీళ్లలో గేదె కాళ్లు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 44 ఏళ్లు. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. పదకొండో ఏట నుంచీ లేసు అల్లుతున్నాను. మా ఊరి లైబ్రరీలో మే నెలలో పిల్లలకి వేసవి శిబిరం పెడతారు. పదిహేను రోజులు, ఉదయం పూట మూడేసి గంటలు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఓ 35 మంది వస్తారు. బొమ్మల క్లాసులో సాయం చెయ్యమని లైబ్రేరియన్ గారు అడిగారు. డబ్బులేమీ ఇవ్వరు.

పోయినేడు కూడా అడిగితే నాలుగు రోజులు వెళ్లాను. రెండో రోజు ఏడేళ్ల పాప ఒకతి కాలవలో దిగిన గేదె బొమ్మ పెన్సిలుతో వేసింది. నీళ్ల గీతలు గీసి, ఆ గీతల లోపల గేదెకి నాలుగు కాళ్లూ వేసింది. నీళ్లలో ఉంటే కాళ్లు కనపడవు కదమ్మా అని నేనే రబ్బరు పెట్టి చెరిపేశాను. మర్నాడు ఆ పాప తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టి "మీరే వెయ్యండి అత్తా, నాకు రాదు" అంది. ఆ తరవాత రోజు రాలేదు. నాకు మనసు పాడై నేనూ మానేశాను.

ఈ ఏడు మళ్లీ రమ్మంటున్నారు. మా ఆయనేమో "బొమ్మ గీయడం రానిదానివి, పిల్లలకేం నేర్పుతావ్? ఆ టైములో లేసు అల్లుకుంటే నాలుగు డబ్బులొస్తాయి" అంటున్నారు. ఆఖరి రోజు పెద్దల్ని పిలిచి ప్రదర్శన పెడతారట. బొమ్మలన్నీ బాగుండేలా చూడాలని లైబ్రేరియన్ గారు ముందే చెప్పారు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా, వద్దంటారా?

- ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: వెళ్లండమ్మా.

మీరడిగింది అదొక్కటే అయితే ఇక్కడితో ఆపేసేవాణ్ని. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, వెళ్లాలా వద్దా అన్నదానికన్నా ఆ గేదె కాళ్లే మిమ్మల్ని ఎక్కువ పట్టుకున్నాయని తెలిసింది. ఏడాది గడిచినా పాప ఏమందో పొల్లుపోకుండా రాశారు. అందుకని ముందు ఆ గేదె సంగతే చూద్దాం.

ఆరేడేళ్ల పిల్లలు కంటికి కనపడింది వెయ్యరు, తమకి తెలిసింది వేస్తారు. గేదెకి నాలుగు కాళ్లున్నాయని ఆ పాపకి తెలుసు. పొద్దున్న దాని వెనకాల నడిచే పిల్లే అయి ఉంటుంది. నీళ్లలో దిగినంత మాత్రాన కాళ్లు ఊడిపోవు కదా, మరెందుకు మానెయ్యాలి? అదే పిల్లని ఇల్లు వెయ్యమనండి, గోడలోంచి మంచం కనపడుతుంది, మంచం మీద నాయనమ్మ కనపడుతుంది. కడుపుతో ఉన్న అమ్మని వేస్తే కడుపులో తమ్ముడు కూర్చుని ఉంటాడు. కాగితం అడుగున నేల గీత, పైన ఆకాశం పేరుతో ఒక నీలం పట్టీ, మధ్యలో అంతా ఖాళీ. ఈ బొమ్మలు మీరూ చూసే ఉంటారు. నేను నలభై ఏళ్లు చూశాను, ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా లేదు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికా వెళ్లిపోయిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే బొమ్మల పంతులు 1940లలోనే ఈ వయసుల లెక్కంతా రాసి పెట్టాడు. నీళ్లలోంచి కాళ్లు కనపడే బొమ్మల్ని ఎక్స్‌రే బొమ్మలంటారు. ఆ వయసుకి అది సరైన బొమ్మ. తొమ్మిదో ఏడూ పదో ఏడూ వచ్చేసరికి ఆ పిల్లే "అయ్యో, కాళ్లు కనపడకూడదు కదా" అని తనంతట తను మార్చుకుంటుంది. మీరు చెప్పక్కర్లేదు, నేనూ చెప్పక్కర్లేదు.

కాబట్టి చెరపడం తప్పే. అది మీకూ తెలుసు కనక తియ్యగా చుట్టి చెప్పడం లేదు. పాపకి దాంతో ఒక్కటి అర్థమైంది: నాకు తెలిసినదానికన్నా అత్తకి తెలిసిందే ఒప్పు. అయితే అత్తనే వెయ్యమంటే పోలేదా? తెల్ల కాగితం మీ ముందు పెట్టడం మొండితనం అనుకోకండి. తెలివైన పిల్ల, లెక్క సరిగ్గానే వేసుకుంది.

ఇలాంటి తప్పు నేను ఇంకా పెద్దది చేశాను. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది, మీకప్పుడు ఊహ తెలిసి ఉండదు. నేను కొత్తగా డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగంలో చేరాను. వరద తీశాక స్కూళ్ల మధ్య బొమ్మల పోటీ పెట్టారు. లంక ఊరి కుర్రాడొకడు ఇంటి కప్పు మీద వరసగా కూర్చున్న మనుషుల్ని వేశాడు. పక్కన ఒక కోడి, ఒక మేక. చుట్టూ నీళ్లు. అందరూ నవ్వుతున్నారు. వరదలో నవ్వేమిట్రా అని నాకు చిరాకేసింది. వాడింటికి వెళ్లాక కూర్చుని మొహాలన్నీ ఏడుపు మొహాలు చేశాను, నీళ్లకి అలలు పెట్టాను, మబ్బులు నల్లగా రుద్దాను. బొమ్మకి బహుమతి వచ్చింది. స్టేజీ మీదకి పిలిస్తే వాడు కదల్లేదు. "అది మాస్టారి బొమ్మండి" అన్నాడు, అందరూ వినేట్టు. నవ్వు సంగతి ఆ తరవాత వాళ్లమ్మ చెప్పింది. నాలుగు రోజులుగా కనపడకుండా పోయిన వాళ్ల తాత ఆ రోజే పడవలో వచ్చి కప్పు ఎక్కాడట. ఎందుకు నవ్వుతున్నార్రా అని ఒక్క మాట అడిగి ఉంటే నాకూ తెలిసేది.

అప్పటినుంచీ పిల్లల కాగితం మీద నా పెన్సిలు పెట్టలేదు. చెప్పినంత తేలిక మాత్రం కాదు. చెయ్యి దురద పెడుతుంది. మనకి పని వచ్చినప్పుడు, పక్కవాడు తడబడుతుంటే చూస్తూ కూర్చోవడం నరకం. లేసు నేర్పేటప్పుడు మీకూ ఇది అనుభవమయ్యే ఉంటుంది.

అందుకే మీకో ఉపాయం చెబుతాను. మీ లేసు పని శిబిరానికి పట్టుకెళ్లండి.

నవ్వకండి, నిజంగానే అంటున్నాను. దారం ఉండ ఒళ్లో పెట్టుకుని, సూది చేతిలో పట్టుకుని పిల్లల మధ్య కింద కూర్చోండి. మీ చేతికి పని ఉంటే అది వేరేవాళ్ల కాగితం మీదకి పోదు. పిల్ల వచ్చి "అత్తా, కుక్క తోక ఎలా వెయ్యాలి?" అని అడిగితే అల్లుతూనే "మీ వీధి కుక్క తోక ఎటు వంకర ఉంటుందే?" అనండి. ఆలోచించుకుని వెళ్లి వేసుకుంటుంది. ఇంకో లాభం ఉంది. ఈ కాలం పిల్లలు పెద్దవాళ్లని ఫోను పట్టుకుని చూస్తున్నారు గాని, ఒక వస్తువుని తయారుచేస్తుండగా ఎక్కడ చూస్తున్నారు? ముడి తప్పితే మీరు విప్పి మళ్లీ అల్లుతారు కదా, అది వాళ్లు చూడాలి. తప్పు పోతే విప్పి మళ్లీ అల్లచ్చని మీరు నోటితో చెప్పనవసరం లేకుండా చూసి నేర్చుకుంటారు. 35 మంది మధ్య ఎంత అల్లగలరు, రెండు వరసలు కూడా సాగవు. కానీ మీ ఆయనకి చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది.

ఆయన మాటల దగ్గరికి వద్దాం. ఆయన అన్నవాటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు.

బొమ్మలు రానిదానివి ఏం నేర్పుతావ్ అన్నది తప్పు. పిల్లల దగ్గర బొమ్మలు వచ్చినవాళ్లతోనే ప్రమాదం ఎక్కువ, పైన నా కథ చదివారుగా. పిల్లలకి కావలసింది కాగితం, రంగు, టైము, పక్కన కూర్చుని చూసే ఒక మనిషి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషు ప్రిన్సిపాల్ ఉండేవాడు. ఆయనే దామెర్ల రామారావు అనే కుర్రాడిలో ఉన్న చిత్రకారుణ్ణి గుర్తుపట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకునేలా దారి చూపించాడు. కూల్డ్రే స్వయంగా చిత్రకారుడే, కాదనను. అయినా రామారావు వేసిన బొమ్మల్లో దొర చెయ్యి కనపడదు. మన ఆడవాళ్లు, మన గోదావరి, మన ఎండ కనపడతాయి. రామారావు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు, ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే. రాజమండ్రిలో ఆయన పేరుతో చిత్రశాల ఉంది. ఎప్పుడైనా పనిమీద వెళితే ఒక గంట అందులో గడిపి రండి. అంత దూరం ఎందుకు, మీ పక్క నరసాపురంలో పుట్టిన బాపు కాలేజీలో చదివింది లా. ఈ మాట మీ ఆయనకి చెప్పండి, ఊరి మనిషి సంగతి కాబట్టి వింటారు.

డబ్బు సంగతి మాత్రం ఆయన చెప్పింది ఒప్పు. పదిహేను రోజులు, రోజుకి మూడు గంటలంటే 45 గంటలు. మీది చేసినదాన్ని బట్టి డబ్బులొచ్చే పని. 45 గంటల లేసు అంటే ఊరికే పోయేది కాదు, ఎండలో నడిచి వచ్చి మధ్యాహ్నం ఒళ్లు వాలిపోయే టైము కూడా కలిపితే ఇంకా ఎక్కువ. అడిగారు కదా అని మొహమాటానికి అన్ని రోజులూ ఒప్పుకోకండి. రోజు విడిచి రోజు వస్తానని చెప్పండి, ఎనిమిది రోజులవుతుంది. మట్టి బొమ్మలు ఆరడానికి మధ్యలో ఒక రోజు ఎలాగూ కావాలి. కాగితాలకీ రంగులకీ మీ చేతి డబ్బు పెట్టనని మొదటిరోజే చెప్పెయ్యండి. ఆటో ఎక్కి వెళ్లాల్సి వస్తే ఆ చార్జీ అడగండి. సిగ్గు పడాల్సిందేం లేదు. లెక్క ముందే తేల్చుకోకపోతే మధ్యలో కోపాలొచ్చి మానెయ్యడమే అవుతుంది.

ఇంకో షరతు కూడా పెట్టండి. 35 మందికి మీరొక్కరు చాలరు. పదో తరగతీ ఇంటరూ రాసి ఖాళీగా తిరుగుతున్న పిల్లలు ఊళ్లో ఉంటారు, ఇద్దర్ని ఇవ్వమనండి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లని ఒక గుంపు, ఆ పైవాళ్లని ఇంకో గుంపు చెయ్యండి. ఈ రెండు గుంపుల గొడవలూ వేరు.

ఇక సరుకు. మీకు బాగా పనికొచ్చేది ఇదే, కాబట్టి కాస్త విస్తరిస్తాను.

చార్టులు కొనకండి. చార్టు చేతికివ్వగానే పిల్లలు బిగుసుకుపోతారు, పాడైపోతుందేమోనని. పాత క్యాలెండర్ల వెనక వైపు వాడండి. పెద్దగా, మందంగా, తెల్లగా ఉంటుంది, ఊరంతా అడిగితే రెండొందలు పోగవుతాయి. రైసు మిల్లులూ బ్యాంకులూ మన జిల్లాలో పంచే క్యాలెండర్లకి లోటేమిటి? ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా తలా నాలుగు గులకరాళ్లు ఇవ్వండి. రంగు పెన్సిళ్లు పక్కన పెట్టి మొదటి రెండు రోజులూ బొగ్గుతో వేయించండి. కొబ్బరి చిప్ప కాల్చిన బొగ్గు బాగా నల్లగా వస్తుంది. బొగ్గుకి రబ్బరు ఉండదు, చేత్తో అలికితే నీడలా పాకుతుంది. చెరపడం అనే ఆలోచనే రాదు. మీకూ అది మంచిదే.

తరవాత పసుపు. ఒక గిన్నెడు నీళ్లలో రెండు చెంచాల పసుపు కలిపి కాగితానికి పూసి ఎండలో పెట్టండి, మన మే ఎండకి అయిదు నిమిషాలు చాలు. ఆరాక వంటసోడా కలిపిన నీళ్లలో పుల్ల ముంచి దాని మీద గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రగా మారుతుంది. పారాణి ఎర్రన కూడా ఇదే, పసుపూ సున్నమూ కలిస్తే వచ్చేది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం, సోడా చాలు. ఎర్ర గీత మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపైపోతుంది. శంఖుపువ్వులు నీళ్లలో పిసికితే నీలం, ఆ నీలంలో నిమ్మకాయ పిండితే గులాబీ. ఇది చూపించిన రోజు మీరు ఇంకేం నేర్పక్కర్లేదు, గంటన్నర దాకా ఒక్కడూ కదలడు. బ్రష్షులు కూడా కొనకండి. వేపపుల్ల కొన నమిలితే బ్రష్షే. ఈనెకి దూది చుట్టి దారం కడితే ఇంకో బ్రష్షు.

మట్టికి మే నెలే మంచి రోజులు. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్లు వేసవిలో ఆపి కాలవలు కట్టేస్తారు కదా, జూన్‌లో మళ్లీ వదిలేదాకా కాలవ అడుగున బంకమన్ను దొరుకుతుంది. పెద్దవాళ్లెవరినైనా పంపి రెండు గంపలు తెప్పించండి. పిల్లల్ని మట్టికి పంపొద్దు. కాలవ ఎండినట్టు కనపడుతుంది గాని మడుగులు మిగిలే ఉంటాయి, ఊబి కూడా. తెచ్చిన మట్టిలోంచి గాజుపెంకులూ నత్తగుల్లలూ ఏరేసి, ఒక రాత్రి తడిగుడ్డ కప్పి ఉంచి, చపాతీ పిండిలా పిసకాలి. చేసిన బొమ్మలు నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. మట్టితో గేదె చెయ్యమనండి. కాళ్లు సన్నగా పెడితే కూలబడిపోతుంది, లావుగా పెడితే నిలబడుతుంది. గేదె కాళ్ల సంగతి మీకన్నా నాకన్నా మట్టి బాగా చెబుతుంది. మళ్లీ ఇక్కడా ఎవరి గేదె కాలూ మీరు అతికించకండి.

తాటిముంజెల కాలం కూడా అదే. తిని పారేసిన కాయలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తొయ్యడానికి ఒక పంగల కర్ర, బండి తయారు. మా చిన్నప్పుడు ప్రతి ఇంటి ముందూ ఉండేవి. ఇప్పటి పిల్లల్లో సగం మందికి తెలీదు. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్లజోడు చెయ్యడం మీ ఊళ్లో ఏ తాతకో వచ్చి ఉంటుంది, ఒక పూట పిలిపించండి. కత్తి పని ఆయనే చూసుకుంటాడు.

ఇది బొమ్మల క్లాసేనా అని లైబ్రేరియన్ గారు అడగచ్చు. సంక్రాంతికి కోనసీమలో జగ్గన్నతోటకి వచ్చే ప్రభల్ని చూసి, వెదురుబద్దలూ రంగు కాగితాలూ గుడ్డలూ కట్టిన మనుషులు ఏ క్లాసులో నేర్చుకున్నారని ఆయన్ని తిరిగి అడగండి. మరీ పెడసరంగా అనకండి, ఆయన మిమ్మల్ని పిలిచినవాడు.

పెద్ద పిల్లల దగ్గర వేరే తంటా ఉంటుంది. పదేళ్లు దాటినవాడు బొమ్మ మొదలెట్టకుండానే "నాకు రాదండీ" అంటాడు. నీళ్లలో కాళ్లు కనపడకూడదని తెలిసిన వయసది, తెలిసినట్టు చెయ్యి తిరగదు. అందుకని ఫోన్లో చోటా భీమ్‌ని పెట్టుకుని చూసి దించుతాడు. దించనివ్వండి, తిట్టకండి. దించడం అయ్యాక "ఈ భీమ్ మన ఊరి సంతకొస్తే ఏం కొంటాడ్రా?" అని అడగండి. ఇక దించడానికి ఎక్కడా దొరకదు కాబట్టి సొంతంగా వెయ్యాల్సిందే. ఇంకోటి: ఎదురుగా ఎవరి చెప్పునైనా పెట్టి, కాగితం వంక చూడకుండా, కళ్లు చెప్పు అంచు మీదే నడుపుతూ గీయమనండి. వచ్చిన బొమ్మ వంకరటింకరగా ఉంటుంది, అందరిదీ అలాగే ఉంటుంది. అందరూ పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులో "నాకు రాదు" పోతుంది. నాలుగోసారికి నిజంగానే చెప్పు కనపడటం మొదలవుతుంది.

ఈ పెద్ద పిల్లలకే మీ విద్య నేర్పండి. సూదులు వద్దు. కొబ్బరి తాడు గాని లావుపాటి నూలు దారం గాని తీసుకుని, ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోంచి వేలితో దారం లాగితే ఇంకో ఉచ్చు, అందులోంచి ఇంకోటి. గొలుసు అల్లడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మగపిల్లలు "ఇది ఆడాళ్ల పనండీ" అంటారు, తప్పకుండా అంటారు. అంతర్వేది వైపు వల అల్లే మగవాళ్లున్నారు, ఆ ముడికీ ఈ ముడికీ ఎంత దూరమో చూడమనండి. నరసాపురం లేసుకి 2024లో జి.ఐ. గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అని ప్రభుత్వమిచ్చే గుర్తింపు కూడా వచ్చింది. స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నూటడెబ్భై ఏళ్ల పైమాట మన ఆడవాళ్లకి నేర్పారంటారు. పదకొండో ఏట నుంచీ మీ చేతిలో ఉన్నది ఆ విద్యే. "బొమ్మ గీయడం రానిదానివి" అని మీ ఆయన చేత అనిపించుకున్నారు గాని, గీసుకోకుండానే తెల్లదారంతో పువ్వు పక్కన పువ్వు సరిగ్గా కూర్చోబెట్టే మనిషికి డిజైన్ రాదంటే నేనొప్పుకోను.

ఇక మాటలు. "అబ్బ, భలే ఉంది" అని అందరికీ అనకండి. మూడో రోజుకి ఆ మాటకి విలువ పోతుంది, పిల్లలకి తెలిసిపోతుంది. కనపడింది చెప్పండి: "ఇక్కడ నలుపు గట్టిగా నొక్కావు", "ఈ ఇంటికి తలుపు లేదే". "ఏంటిది?" అని అడగకండి, ముఖ్యంగా చిన్నవాళ్లని. వాడు గంట కష్టపడి రైలు వేస్తే మనకి పామనిపించిందని తెలిసి ముడుచుకుపోతాడు. "దీని సంగతి చెప్పు" అంటే చాలు, రైలో పామో వాడే చెబుతాడు. మీరు మొండిగా వెయ్యనంటే "మీరే వెయ్యండి" అని ఏడ్చే పిల్ల ఒకతి ఉంటుంది. అప్పుడు వేరే కాగితం మీద, పక్కన, మీ చేతికొచ్చినట్టు వేసి చూపించండి. మీకు సరిగా రాకపోతే మరీ మంచిది. "అత్తకన్నా నేనే బాగా వేస్తా" అనుకున్న పిల్ల ఆగదు.

ప్రదర్శన గురించి లైబ్రేరియన్ గారితో శిబిరం మొదలవకముందే మాట్లాడండి, ఆఖరి రెండు రోజుల్లో మాట్లాడితే గొడవ. బొమ్మలన్నీ బాగుండాలన్నది ఆయన కోరిక, తప్పు లేదు. పైనుంచి ఎవరో వస్తారు, తల్లిదండ్రులు ఫొటోలు తీస్తారు, ఆయన భయం ఆయనది. అందుకని వద్దనకుండా ఇలా చేద్దామండీ అనండి. ఎవరి బొమ్మ పెట్టాలో ఆ పిల్లలే ఎంచుకుంటారు, తలా ఒకటి. మొదటి బహుమతీ రెండో బహుమతీ ఉండవు. ఈ ఒక్క విషయంలో మాత్రం పట్టు వదలకండి. బహుమతి ఉందని తెలిసిన రోజు నుంచీ తల్లులు ఇంటి దగ్గర దిద్ది పంపుతారు, నాకు తెలుసు, నేనే దిద్దినవాణ్ని. గోడకి ఎత్తుగా అంటించకుండా పిల్లల కళ్ల ఎత్తున తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించండి. ప్రతి బొమ్మ కింద ఆ పిల్ల చెప్పిన ఒక్క వాక్యం, ఎలా చెబితే అలా, రాసి పెట్టించండి. మా తాత పడవలోంచి వచ్చాడు అందుకే నవ్వుతున్నాం, అని ఆ రోజు ఆ బొమ్మ కింద ఎవరైనా రాసి ఉంటే ఏ జడ్జీకీ నేను అలలు వేసి చూపించక్కర్లేకపోయేది. ఆ వాక్యాలు చదివితే వచ్చిన పెద్దలు బొమ్మ బాగుందా లేదా అన్నది మర్చిపోతారు. అయినా లైబ్రేరియన్ గారు ఒప్పుకోకపోతే ప్రదర్శన పని ఆయనకే వదిలేసి, మీ ఎనిమిది రోజులూ మీరు చేసి రండి.

కొన్ని జాగ్రత్తలు గబగబా చెబుతాను. పదిన్నరకల్లా పిల్లల్ని ఇంటికి పంపెయ్యాలి, రోహిణి కార్తె దగ్గరపడేకొద్దీ ఇంకా ముందే. మజ్జిగో నీళ్లో కుండతో ఉండాలి. చేతులు కడగడానికి బక్కెట్లు లోపలే పెట్టండి, చెరువుకీ కాలవకీ ఎవర్నీ వదలొద్దు. మీరు గాని ఇంకెవరైనా గాని ఒక పిల్లతో తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. బాత్రూముకి ఇద్దరిద్దర్ని పంపండి. తల్లిదండ్రుల్ని అడక్కుండా పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టనివ్వకండి. ఎప్పుడైనా ఒక బొమ్మలోనో మాటలోనో ఏదైనా తేడాగా, భయంగా అనిపిస్తే, ఊళ్లో నలుగురికీ చెప్పకుండా లైబ్రేరియన్ గారికి చెప్పండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. నల్లరంగు వాడినంత మాత్రాన మాత్రం కంగారు పడకండి. నల్లరంగు అంటే పిల్లలకి ఇష్టం, అంతే.

ఆ పాప ఈ ఏడు వస్తుందో రాదో. ఊరు ఒకటే కదా, వీలైతే వాళ్లింటి మీదుగా వెళ్లి మీరే పిలవండి. వస్తే అందరి ముందూ కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని, "పోయినేడు నీ గేదె కాళ్లు చెరిపేశానే, నాదే తప్పు. నీళ్లలో కూడా కాళ్లుంటాయి కదా" అనండి. అంతకన్నా పొడిగించకండి. ఆ పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు, గేదె సంగతి మర్చిపోయి ఉండచ్చు కూడా. మర్చిపోతే "ఏ గేదె?" అంటుంది, అప్పుడు మీరిద్దరూ నవ్వుకోవచ్చు. కాగితం మళ్లీ మీ ముందు పెడితే మీ చేతిలో దారం ఉందని చూపించండి.

మర్చిపోయాను, పసుపు రోజున పాత చీర కట్టుకెళ్లండి. పిల్లలకి కూడా పాత బట్టలు వెయ్యమని తల్లులకి ముందు రోజే చెప్పండి, లేకపోతే లైబ్రరీ గుమ్మం దగ్గర పంచాయితీ అవుతుంది. ఇంటికొచ్చి సబ్బు పెట్టగానే మరక ఎర్రగా అవుతుంది. కంగారు పడొద్దు, సోడా నీళ్లకి కాగితం ఎర్రబడినట్టే అదీను. సబ్బు పోయేలా జాడించి రెండు రోజులు మంచి ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది.